ఒక దేశపు పశు ఆరోగ్య హోదాను చదవడం ఎలా

నా బల్ల మీద అద్దం కింద ఒక కాగితం ఉండేది. గాలికుంటు వ్యాధి లేదని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించిన దేశాల జాబితా అది. ఏటా మే నెల సమావేశం ముగిశాక కొత్త జాబితా అచ్చు తీసి, పాతది లాగేసి, దాని స్థానంలో పెట్టుకునేదాన్ని. దిగుమతి పత్రాలు పరిశీలించే ఉద్యోగంలో అదొక సుఖం. తల వంచితే చాలు, జవాబు కనబడుతుంది. ఒక ఏడాది ఆ కాగితాన్ని నమ్మి ఒక సరుకుకు అనుమతి రాశాను. జాబితాలో దేశం పేరు నిక్షేపంగా ఉంది. కానీ ఆ దేశం హోదా అప్పటికి పదకొండు రోజుల కిందటే సస్పెండ్ అయింది. సరుకు ఓడ ఎక్కకముందే పక్క బల్ల సహోద్యోగి గమనించాడు కాబట్టి గండం గడిచింది. ఆ సాయంత్రం అద్దం ఎత్తి కాగితం తీసేశాను. మళ్లీ అక్కడ ఏదీ పెట్టలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు, వార్తలు రాసేవాళ్లు, పశువైద్య విద్యార్థులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "ఫలానా దేశం ఆ సంస్థలో సభ్యురాలేనా?" వాళ్ల మనసులో ఉన్న ప్రశ్న మాత్రం వేరు. అక్కడి నుంచి వచ్చే పశువును, మాంసాన్ని, పాలపొడిని నమ్మవచ్చా అన్నది వాళ్లకు కావాలి. మొదటిదానికి జవాబు అర నిమిషంలో దొరుకుతుంది. రెండోదానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఏం చేయాలో చెబుతాను.

ముందు పేరు సంగతి తేల్చుకోండి. పాత పత్రాల్లో ఈ సంస్థను ఓఐఈ అంటారు. ఫ్రెంచి భాషలో "అంతర్జాతీయ పశు అంటువ్యాధుల కార్యాలయం" అనే అర్థం వచ్చే పేరుకు అవి పొడి అక్షరాలు. 2003లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అని పేరు మార్చుకున్నా పాత పొడి అక్షరాలనే వాడుతూ వచ్చారు. 2022 మే నుంచి కొత్త పేరుకు తగ్గట్టు డబ్ల్యూఓఏహెచ్ అంటున్నారు. ఒకే ఫైలులో ఒక పత్రం మీద ఓఐఈ అని, ఇంకో పత్రం మీద డబ్ల్యూఓఏహెచ్ అని ఉంటే రెండు సంస్థలనుకుని రెండు వివరణలు కోరిన అధికారిని నేను చూశాను. ఎగుమతిదారు పాపం రెండూ పంపాడు.

ఇంకో పొరపాటు, దీన్ని ఐక్యరాజ్యసమితి విభాగం అనుకోవడం. సమితి కంటే ఇది 21 ఏళ్లు పెద్దది. 1920లో దక్షిణాసియా నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళుతున్న మూపురం పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవులో ఆగాయి. వాటితో పాటు రిండర్‌పెస్ట్ కూడా దిగింది. పశువుల మందలకు మందలనే తుడిచిపెట్టే ఆ జబ్బు బెల్జియంలో అంటుకోవడంతో ఐరోపా ఉలిక్కిపడింది. 1921లో పారిస్‌లో సమావేశం పెట్టారు. 1924 జనవరి 25న 28 దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏ జబ్బు వల్ల సంస్థ పుట్టిందో ఆ జబ్బు లోకంలో లేకుండా పోయిందని 2011 మేలో అదే సంస్థ ప్రకటించింది. మన పనికి ఈ కథలో పనికొచ్చే ముక్క ఒకటుంది. ఒక దేశంలో పుట్టిన జబ్బు, రెండో దేశానికి వెళ్లాల్సిన పశువులతో, మూడో దేశంలో దిగింది. అందుకే పత్రాల్లో బయలుదేరిన చోటుతో పాటు దారిలో ఆగిన చోట్లు కూడా చూస్తాం.

సభ్యత్వం: అర నిమిషం పని

సంస్థ వెబ్‌సైట్‌లో సభ్యుల జాబితా ఉంటుంది. 180కి పైగా పేర్లు. శీర్షికలో "దేశాలు" అని కాకుండా "సభ్యులు" అని ఉండటం గమనించండి. న్యూ కాలెడోనియా, కురసావ్ లాంటి ప్రాంతాలు స్వతంత్ర దేశాలు కాకపోయినా ఇందులో సొంత పేరుతో ఉన్నాయి. కాబట్టి ఫ్రాన్స్ పేరు చూసి న్యూ కాలెడోనియా సంగతి తేలిపోయిందనుకోకండి. దాని నివేదికలు వేరు, హోదాలు వేరు.

చేరాలనుకునే ప్రభుత్వం 1924 ఒప్పందాన్ని అంగీకరిస్తున్నట్టు దౌత్య మార్గంలో ఫ్రాన్స్ ప్రభుత్వానికి తెలియజేయాలి. ఒప్పందం అసలు ప్రతి వాళ్ల దగ్గర ఉంటుంది. అంగీకారంతో పాటు ఖర్చులో వాటా కడతామన్న మాట కూడా ఇచ్చినట్టే. వాటాకు ఆరు తరగతులున్నాయి. మొదటిదానికి 25 యూనిట్లు, ఆ తర్వాత 20, 15, 10, 5, చివరిదానికి 3. ఏ తరగతిలో ఉండాలో దేశమే ఎంచుకుంటుంది. 25 కట్టినా 3 కట్టినా సభలో ఓటు ఒక్కటే. ఈ సంస్థలో నాకు బాగా నచ్చిన విషయం ఇది.

ఇంతకీ చేరేటప్పుడు "మీ పశువులు ఆరోగ్యంగా ఉన్నాయా?" అని ఎవరూ అడగరు. అడగకూడదు కూడా. జబ్బులున్న దేశమే ముందు లోపలికి రావాలి. సభ్యత్వం తెచ్చేది చెప్పాల్సిన బాధ్యతను. మంచి ఆరోగ్యానికి అది యోగ్యతాపత్రం కాదు. ఇల్లు అలకగానే పండగ కానట్టే, చేరగానే హోదా రాదు. ఎగుమతిదారుల రంగుల కరపత్రాల్లో "ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ సభ్యదేశం నుంచి" అని బంగారు అక్షరాల్లో కనిపిస్తే నాకు నవ్వొస్తుంది. లోకంలో చాలా దేశాలు సభ్యులే. అది చెప్పుకోవడం, మా ఇంటికి తలుపు ఉందని చెప్పుకోవడం లాంటిది.

సభ్యత్వం చూశాక అదే పేజీలో ప్రతినిధి పేరు చూడండి. ప్రతి సభ్యుడికీ ఒక ప్రతినిధి ఉంటారు. సాధారణంగా ఆ దేశపు పశువైద్య సేవల అధిపతే ఆ స్థానంలో ఉంటారు. జబ్బుల గురించిన అధికారిక మాట ఆ ఒక్కరి పేరు మీదే వస్తుంది. మంత్రి విలేకరులతో చెప్పింది, వర్తక సంఘం ప్రకటించింది మీకు ఆధారం కావు.

హోదా: ఇక్కడే ఎక్కువ మంది జారిపడతారు

సంస్థ తానే పరిశీలించి అధికారికంగా గుర్తించే జబ్బులు ఆరే: గాలికుంటు, పశువులకు వచ్చే అంటు ఊపిరితిత్తుల జబ్బు సీబీపీపీ, పిచ్చి ఆవు వ్యాధిగా పేరుపడ్డ బీఎస్ఈ, గుర్రాలకు వచ్చే ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్, గొర్రెలు మేకలకు వచ్చే పీపీఆర్, పందులకు వచ్చే క్లాసికల్ స్వైన్ ఫీవర్. ఈ ఆరు మీకు నోటికి రావాలి. ఎవరైనా "బర్డ్ ఫ్లూ లేదని ప్రపంచ సంస్థ గుర్తించింది" అన్నారంటే ఆ వాక్యం దగ్గరే ఆగండి. అలాంటి గుర్తింపు లేదు.

బర్డ్ ఫ్లూ, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ లాంటి మిగతా జబ్బుల విషయంలో దేశాలు స్వయంగా ప్రకటించుకుంటాయి. ఆ ప్రకటనను సంస్థ తన వెబ్‌సైట్‌లో ప్రచురిస్తుంది. అందులోని మాటకు బాధ్యత మాత్రం ఆ దేశపు ప్రతినిధిదే. సంస్థ వెబ్‌సైట్‌లో ఉంది కాబట్టి సంస్థ చెప్పిందనుకోవడం సహజమే, కానీ తప్పు. స్వయం ప్రకటనలన్నీ అబద్ధాలని నా ఉద్దేశం కాదు. చాలావాటిలో పరీక్షించిన నమూనాల సంఖ్య, ఎన్ని కోళ్లఫారాలు చూశారన్నది, చివరి ఫారం ఎప్పుడు శుభ్రం చేశారన్నది పేజీల కొద్దీ ఉంటాయి. వాటిని చదవండి. నాలుగు పేరాల్లో ముగిసిన ప్రకటన కనబడితే మాత్రం ప్రశ్నలు పంపండి.

అధికారిక హోదాలో కూడా పేరు పక్కన ఉన్న మాటలు పూర్తిగా చదవాలి. గాలికుంటు విషయంలో "టీకాలు వేయకుండా వ్యాధిరహితం" అన్నది ఒక మెట్టు, "టీకాలు వేస్తూ వ్యాధిరహితం" ఇంకో మెట్టు. హోదా దేశం మొత్తానికి ఉండవచ్చు, హద్దులు గీసిన ఒక భాగానికే, అంటే ఒక జోన్‌కే ఉండవచ్చు. జోన్ అయితే దాని హద్దులు సరిగ్గా ఎక్కడున్నాయో చూడాలి. జోన్ పేరును రాష్ట్రం పేరుగా పొరబడటం నా దగ్గర శిక్షణ తీసుకున్న ప్రతి బృందంలో ఒకరైనా చేశారు. రాష్ట్రంలో సగం జోన్ బయట ఉండవచ్చు. బీఎస్ఈ సంగతి పూర్తిగా వేరు. అక్కడ "వ్యాధిరహితం" అనే మాటే లేదు. లెక్కలోకి రానంత ముప్పు, అదుపులో ఉన్న ముప్పు, తేలని ముప్పు అని మూడు గదులు. మొదటి గదిలో ఉన్న దేశంలో కూడా ఎప్పుడో ఒక ఆవుకు జబ్బు బయటపడవచ్చు. అంతమాత్రాన హోదా పోనక్కర్లేదు.

ఈ హోదాలు ఒకసారి వస్తే శాశ్వతం కావు. దేశాలు ప్రతి నవంబరులో వివరాలు పంపి వాటిని మళ్లీ ఖాయం చేసుకోవాలి. జబ్బు బయటపడితే ఆ క్షణానికే హోదా సస్పెండ్ అవుతుంది, మే నెల సభ దాకా ఎవరూ ఆగరు. నా అద్దం కింద కాగితానికి తెలియనిది అదే.

జర్మనీ ఉదాహరణ చెబుతాను, తేదీలతో సహా గుర్తుంది. 2025 జనవరి 10న బ్రాండెన్‌బర్గ్‌లో గేదెల మందలో గాలికుంటు నిర్ధారణ అయింది. 1988 తర్వాత ఆ దేశంలో అది మొదటిసారి. అంతవరకు "టీకాలు వేయకుండా వ్యాధిరహితం" అని ఉన్న దేశం మొత్తం హోదా ఒక్క మందతో ఆగిపోయింది. మార్చి మధ్యలో, జబ్బు వచ్చిన చోటు చుట్టూ ఒక కట్టడి జోన్ గీసి, దాని బయట ఉన్న జర్మనీకి హోదా తిరిగి ఇచ్చారు. ఏప్రిల్ మధ్యకు ఆ జోన్‌కు కూడా వచ్చింది. ఈ మూడు నెలలు ఊరికే వచ్చినవి కావు. టీకాలు వేయకుండా, సోకిన పశువులను వధించి జబ్బును తుదముట్టిస్తే, చివరి పశువును వధించిన తర్వాత మూడు నెలలకు హోదా తిరిగి అడగవచ్చని సంస్థ నియమావళిలో ఉంది. అత్యవసర టీకాలు వేసి, ఆ పశువులను బతకనిస్తే ఆర్నెల్లు ఆగాలి. వధా, టీకానా అన్న చర్చ వెనుక కరుణ, ఖర్చులతో పాటు ఈ మూడు నెలల తేడా కూడా ఉంటుంది.

మీ దగ్గరికి ఫిబ్రవరి నాటి జర్మనీ పత్రం ఏప్రిల్ చివర్లో వచ్చిందనుకోండి. ఏప్రిల్ చివర్లో తెర మీద "వ్యాధిరహితం" అని కనబడుతుంది. పశువును వధించినది, పాలు పితికినది ఫిబ్రవరిలో. మీకు కావలసింది ఫిబ్రవరి హోదా. చూసే రోజు కాదు, సరుకు తయారైన రోజు, బయలుదేరిన రోజు లెక్క. కొత్తవాళ్లకు నేను మొదటి వారంలో నేర్పేది ఇదే, మూడో నెలలో మళ్లీ గుర్తుచేసేదీ ఇదే.

ఎదురు ఉదాహరణ బ్రెజిల్. 2006 తర్వాత అక్కడ గాలికుంటు బయటపడలేదు. అయినా దేశం మొత్తానికి "టీకాలు వేయకుండా వ్యాధిరహితం" హోదా 2025 మేలో గానీ రాలేదు. జోన్ తర్వాత జోన్‌గా టీకాలు మానుకుంటూ, మానినా జబ్బు రాలేదని చూపిస్తూ వచ్చారు. హోదా పోవడానికి ఒక రోజు చాలు, రావడానికి ఏళ్లు పడుతుంది.

నివేదికల్లో మౌనాన్ని చదవడం

సంస్థ నడిపే వాహిస్ అనే సమాచార వ్యవస్థ అందరికీ తెరిచి ఉంది. ఖాతా లేకుండానే చూడవచ్చు. ఇందులో రెండు రకాల నివేదికలుంటాయి, వాటిని కలపకండి.

ఒకటి తక్షణ నివేదిక. జబ్బు మొదటిసారి రావడం, పోయిందనుకున్నది తిరిగి రావడం, కొత్త రకం క్రిమి కనిపించడం, అలవాటు లేని జాతి పశువుకు సోకడం లాంటివి జరిగితే నిర్ధారణ అయిన 24 గంటల్లో చెప్పాలి. ఆ తర్వాత ముగిసేదాకా వారం వారం కొనసాగింపు. ఇలాంటి నివేదిక తెరిచినప్పుడు నేను ఏ జబ్బో చూసే ముందు మూడు తేదీలు కాగితం మీద రాసుకుంటాను: జబ్బు మొదలైన తేదీ, నిర్ధారణ తేదీ, నివేదిక పంపిన తేదీ. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఒక రోజు ఉందని అందరూ మెచ్చుకుంటారు. నేను చూసేది మొదటిదానికీ రెండోదానికీ మధ్య దూరం. అది నాలుగు రోజులైతే అక్కడి రైతు పశువైద్యుణ్ణి పిలుస్తున్నాడు, నమూనా ప్రయోగశాలకు చేరుతోంది. అది రెండు నెలలైతే, 24 గంటల నియమం అక్షరాలా పాటించినా, రెండు నెలల పాటు ఆ పశువులు సంతలో తిరిగి ఉండవచ్చు.

రెండోది ఆర్నెల్ల నివేదిక. ఎవరికీ ఇష్టం ఉండదు, పొడవాటి పట్టిక. నాకిష్టం. జాబితాలోని ఒక్కో జబ్బుకు ఎదురుగా ఉంది, లేదు, అనుమానం ఉంది, సమాచారం లేదు అని రాసి ఉంటుంది. "లేదు" వేరు, "సమాచారం లేదు" వేరు. మొదటిది వెతికాం, కనబడలేదని. రెండోది వెతకలేదనో, వెతికినా చెప్పడం లేదనో. ఒకసారి ఒక యువ అధికారి నాకు చక్కని పట్టిక తయారుచేసి తెచ్చాడు. అందులో ఈ రెంటికీ ఒకే ఆకుపచ్చ రంగు వేశాడు. పట్టిక చాలా అందంగా ఉంది. మళ్లీ చేయించాను.

ఇంకో ఉచ్చు చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఏళ్ల తరబడి ఒక దేశంలో పాతుకుపోయిన జబ్బు తక్షణ నివేదికగా రాదు, అది ఆర్నెల్ల పట్టికలోకి పోతుంది. దాంతో హెచ్చరికలు మాత్రమే చూసేవారికి తలకిందుల బొమ్మ కనిపిస్తుంది: ఇరవై ఏళ్ల తర్వాత ఒక్క కేసు వచ్చిన దేశం ఎర్రగా, ఏటా వేల కేసులున్న దేశం ప్రశాంతంగా. వార్తల్లో "ఈ ఏడాది ఎక్కువ హెచ్చరికలు పంపిన దేశాలు" అని పట్టిక వేసేవాళ్లు ఒకసారి ఇది ఆలోచించాలి. నా అనుభవంలో ఎక్కువగా మాట్లాడే దేశంతో వ్యాపారం సులువు. జబ్బు వచ్చినా ఎక్కడ వచ్చిందో తెలుసు, హద్దు గీయవచ్చు. ఏ కబురూ పంపని దేశంతో గీత ఎక్కడ గీయాలో తెలియదు.

హోదా చూశాక నిర్ణయం మీదే

సంస్థ ఎవరి సరుకునూ ఆపదు, ఎవరినీ కొనమని ఒత్తిడి చేయదు. దాని బలం మరోచోట ఉంది. 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం పశు ఆరోగ్యానికి ఈ సంస్థ ప్రమాణాలనే కొలబద్దగా పేర్కొంది. కొలబద్ద కంటే కఠినంగా ఉండాలంటే శాస్త్రీయమైన ముప్పు అంచనా చూపించాలి. బర్డ్ ఫ్లూ వచ్చిన దేశాల కోళ్ల ఉత్పత్తులను భారత్ ఆపినప్పుడు అమెరికా 2012లో ఆ వివాదాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ ముందుకు తీసుకెళ్లింది. జబ్బు వచ్చిన ప్రాంతానికి పరిమితం కాకుండా దేశం మొత్తం మీద నిషేధం పెట్టడం, తక్కువ తీవ్రత రకానికీ అదే వర్తింపజేయడం నియమావళికి అనుగుణంగా లేవని 2014లో తీర్పు వచ్చింది. 2015లో అప్పీలులోనూ మూలంలో అదే నిలిచింది. అందుకే తిరస్కరణ లేఖ రాసేటప్పుడు దేశం పేరుతో ఆగకుండా జోన్, జబ్బు రకం, తేదీ రాయండి. "ఆ దేశంలో జబ్బు ఉంది కాబట్టి" అన్న వాక్యం మీ లేఖలో ఉంటే ఇంకోసారి చింపి రాయండి.

ఇవన్నీ చూశాక ఏం చూశారో రాసిపెట్టుకోండి. నేను చివరి పదేళ్లు ఒక గీతల నోటుపుస్తకం వాడాను. ఒక్కో సరుకుకు ఒక్కో పేజీ. ఇప్పుడు తెరిచిన పేజీలో ఇలా ఉంది:

సభ్యత్వం: ఉంది. గాలికుంటు: టీకాలు వేయకుండా వ్యాధిరహిత జోన్, హద్దుల పటం జతచేశాను. సస్పెన్షన్: లేదు. తక్షణ నివేదికలు, గత 90 రోజులు: ఒకటి, కోళ్లకు సంబంధించినది, ఈ సరుకుకు వర్తించదు. ఆర్నెల్ల పట్టికలో పీపీఆర్: సమాచారం లేదు. ప్రతినిధికి లేఖ పంపాను. వధ తేదీ ఇంకా రాలేదు. చూసిన సమయం: ఉదయం 9.40. ఓడ ఎక్కించే రోజు మళ్లీ చూడాలి.

చివరి వాక్యం కింద రెండు గీతలున్నాయి.